తొరూన్‌లో తీసిన మచ్చు

పోలండు వెళ్లొచ్చామంటే మా వీధిలో సగం మంది ఇప్పటికీ నమ్మడం లేదు. కాశీ అయితే ప్రసాదం అడిగేవారు, సింగపూరు అయితే చాక్లెట్లు అడిగేవారు. పోలండు అనేసరికి ఏమడగాలో తోచక, "అక్కడేటుందమ్మా సూడ్డానికి?" అని నా మొహంలోకి చూస్తారు. చెబుదామని మొదలుపెడతాను. గుర్రం తోక దగ్గరికి వచ్చేసరికి నవ్వు ముంచుకొచ్చి, కళ్లద్దాలు తీసి తుడుచుకొని, మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ అక్కడే ఆగిపోతాను. వినడానికి వచ్చినవాళ్లు నన్ను అదోలా చూసి, పని ఉందని వెళ్లిపోతున్నారు. అందుకని కాగితాలు ముందేసుకొని కూర్చున్నాను. ఈ వయసులో ఒక్కదాన్నే కూర్చొని ఇలా నవ్వుకుంటుంటే పనిచేసే పైడితల్లి వంటింట్లోంచి తొంగి తొంగి చూస్తోంది. చూడనీ.

వెళ్లింది నేనూ, ముంతాజూ. నేను అనకాపల్లిలో బెల్లం వర్తకుల ఇంట పుట్టి, ఆ ఊళ్లోనే ఆడపిల్లలకు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. ముంతాజ్ మా ప్రహరీ గోడకు అవతల ఉండే అత్తరు సాయిబుగారి అమ్మాయి. పలక పట్టిన నాటి నుంచీ మేం జంటే. ఆమెకు పెళ్లయింది కూడా ఊళ్లోనే, రెండు సందుల అవతల మిషను కుట్టే ఆయనతో. ఇప్పుడు ఇద్దరికీ మొగుళ్లు పోయారు, ఇద్దరికీ మోకాళ్లు పోయాయి, మా పోట్లాటలు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆమె కొడుకు సలీం దగ్గర ఉంటుంది. పొద్దున్నే ఒకసారి మా ఇంటికొచ్చి, నన్ను నాలుగు మాటలని, నాచేత నాలుగు అనిపించుకొని వెళ్తేనే గాని ఆమెకు తిన్నది అరగదు. నాకూ అంతే.

అలాంటి మనిషి ఉన్నట్టుండి నోరు కట్టేసుకుంది. కరోనా జ్వరం వచ్చింది, తగ్గింది. దగ్గు పోయింది, నీరసం పోయింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. మల్లెపూలైనా మురుగు కాలవైనా ఆమెకు ఒకటే. అన్నం నోట్లో పెట్టుకుంటే సున్నం నమిలినట్టుందనేది. విశాఖపట్నంలో పెద్ద డాక్టరు చూసి, రావచ్చు, రాకపోవచ్చు, లవంగాలూ నిమ్మతొక్కా రోజూ వాసన చూస్తూ ఉండమన్నాడు. లవంగాల డబ్బా ముక్కు కింద పెట్టుకొని, కళ్లు మూసుకొని, నమాజులో ఉన్నంత శ్రద్ధగా కూర్చునేది పాపం. ఏమీ రాలేదు. దానికి తోడు ఒక రోజు స్టవ్ సరిగ్గా కట్టలేదు. గ్యాసు ఇల్లంతా నిండిపోతుంటే ఈవిడ అదే వంటింట్లో కూర్చొని తీరిగ్గా చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. సలీం సమయానికి వచ్చి తలుపులు బార్లా తీశాడు గాని, ఆ రోజు నుంచీ తల్లిని వంటింటి ఛాయలకు రానివ్వడం మానేశాడు. కోడలు నర్సు, మంచి పిల్ల, తానే వండి కంచం చేతికిచ్చేది. అదే ముంతాజ్‌కి గుండెల్లో గుచ్చుకుంది. ఊళ్లో ఎవరింట పెళ్లయినా దాల్చా వండడానికి పిలిపించుకునే చెయ్యి అది. "నా వొంటింటికి నన్ను సుట్టాన్ని సేసేసేడే ఈడు," అంది ఒకనాడు, మామూలు గొంతుతో, నా వైపు చూడకుండా. తిట్టినా ఏడ్చినా బాగుండేది. ముక్కు వస్తేనే ఆమెకు వంటిల్లు వస్తుంది, వంటిల్లు వస్తేనే నాకు నా ముంతాజ్ వస్తుంది. అదీ లెక్క.

నాలుగు ఊళ్లు తిప్పితే మనసు కుదుటపడుతుందని విశాఖలో ఒక ట్రావెల్స్ ఆఫీసుకు తీసుకెళ్లాను. స్విట్జర్లాండు సీట్లు అయిపోయాయన్నారు. టూర్లు నడిపించే స్రవంతి అనే ఆవిడ, "పోలండు బాగుంటుందాంటీ, పాత ఊళ్లు, రష్ తక్కువ, మెట్లు తక్కువ," అంది. మెట్లు తక్కువ అనే మాట మా ఇద్దరి మోకాళ్లకూ నచ్చింది. "ఏ దేశమైతే ఏటే రవణా, నాకన్నీ ఒకటే వాసన," అంది ముంతాజ్. అలా బయల్దేరాం. ఈవిడకు హలాల్ కావాలి, నాకు శాకాహారం కావాలి. వెళ్లిన ప్రతి చోటా ఇద్దరి కంచాల్లోనూ చివరికి బంగాళాదుంపే తేలేది. నేను పట్టుకెళ్లిన ఆవకాయ హోటల్ బల్ల మీద తీస్తే, పక్క బల్లవాళ్లు ముక్కు పట్టుకొని లేచిపోయేవారు. "అంత గట్టిగా వత్తందేటే?" అని ముంతాజ్ ఆశగా సీసాలోకి వంగి పీల్చేది. పీల్చి, మూతపెట్టి నాకిచ్చేసేది.

తొరూన్ అనేది ఏరు ఒడ్డున ఎర్ర ఇటుకల ఊరు. ఇటుక చర్చీలు, ఇటుక కోటగోడలు, ఇటుక గుమ్మాలు. వందల ఏళ్ల నాటివట, నిన్న కట్టినట్టున్నాయి. మా మట్టిగోడల ఇళ్లు పట్టుమని రెండు వర్షాకాలాలు ఆగవు కదా అని నాకు కాస్త ఉడుకుమోత్తనం కూడా వచ్చింది. భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతోందని లోకానికి చెప్పిన పెద్దమనిషి ఆ ఊళ్లోనే పుట్టాడట. నడి ఊళ్లో ఆయన విగ్రహం కింద నిలబెట్టి స్రవంతి ఆ సంగతి చెబుతుంటే, ముంతాజ్ పైకి చూసి, "ఈయన సెప్పాలేటే? విమానం దిగినకాడ్నించీ నాకు తిరుగుతానే ఉంది," అంది. మా బస్సులో వచ్చినవాళ్లంతా పగలబడి నవ్వారు. చాలా కాలం తర్వాత ఆమె నోట వచ్చిన పెడసరం మాట అది. నేను నవ్వు ఆపుకోలేక విగ్రహం గట్టు మీద కూలబడ్డాను.

ఆ పక్కనే ఒక వాలిపోయిన బురుజు ఉంది. దాని గోడకు మడమలూ వీపూ ఆనించి, చేతులు ముందుకు చాపి నిలబడాలట. పుణ్యాత్ములు నిలుస్తారు, పాపాత్ములు ముందుకు తూలిపోతారు. గోడ మన మీదికే వాలి ఉంటే పుణ్యాత్ముడైనా ఎలా నిలుస్తాడో నాకు బోధపడలేదు గాని, చీర కుచ్చెళ్లు ఎగదోపి నిలబడ్డాను. ఇలా ఆనించానో లేదో అలా ముందుకు తూలాను. "ఎంతమంది ఆడగుంటల్ని బెత్తంతో కొట్టేవో, అదంతా ఇక్కడ తేలిపోనాది!" అని ముంతాజ్ చప్పట్లు కొట్టి, బురఖా సర్దుకొని తాను నిలబడింది. ఒక్క క్షణం నిలిచింది కూడా. నా వైపు చూసి గర్వంగా నవ్వబోయి, ఆ నవ్వుకే తూలి తిన్నగా నా మీద పడింది. ఎవరో జర్మనీ యాత్రికులట, చప్పట్లు కొట్టారు. "ఆంటీ, మన ఇన్సూరెన్స్ పాపాలకు రాదు," అంది స్రవంతి, మమ్మల్ని ఒక్కొక్కరినీ లేవదీస్తూ.

ఇంకా ఒళ్లు దులుపుకుంటూనే ఒక సందు మలుపు తిరిగాం. నా కాళ్లు ఆగిపోయాయి. ఎక్కడి నుంచో ముదురుపాకం వాసన. అందులో శొంఠి, అందులో లవంగం, యాలక్కాయ, దాల్చినచెక్క, వీటన్నిటి అడుగున కాస్త మాడీ మాడనట్టున్న తీపి. ఆ ఊరు ఒక రకం మసాలా బిస్కట్లకు పేరట. తేనె వేసి, శొంఠి కొట్టి, చెక్క అచ్చుల్లో ఒత్తి కాలుస్తారట. ఆ బట్టీల సందులోకే వచ్చాం మేం. బస్సులో వచ్చినవాళ్లందరూ మొహాలు పైకెత్తి "ఆహా" అంటున్నారు. తేనో మరోటో, నాకు మాత్రం అది మా తాతయ్య బెల్లం కొట్టు. పరాయి దేశంలో, పేరు పలకడం రాని వీధిలో, మా కొట్టు తలుపులు తెరిచి పెట్టినట్టయింది. సంతోషం పట్టలేక ముంతాజ్ చెయ్యి పట్టుకున్నాను. పట్టుకున్నాక గుర్తొచ్చింది. ఆమె అందరి మొహాలనూ వరసగా చూస్తోంది. "ఏటే? ఏటి వత్తంది?" అని అడిగింది. "తాతయ్య కొట్టే ముంతాజూ, అచ్చంగా అదే," అన్నాను. ఆమె కళ్లు మూసుకొని గుండెలనిండా పీల్చింది. మళ్లీ పీల్చింది. కళ్లు తెరిచి, "నువ్వు సెప్పు. తీరిగ్గా సెప్పు, ఏదీ ఒగ్గకుండా సెప్పు," అంది. అక్కడే ఒక అరుగులాంటి దాని మీద కూర్చున్నాం. నేను చెప్పడం మొదలుపెట్టాను.

మా ఇంటి ముందు భాగమంతా కొట్టు, వెనక భాగం మేం ఉండేది. గానుగలు ఆడే రోజుల్లో ఇంకా వెలుగు రాకముందే బళ్లు వచ్చేవి. ఎలమంచిలి వైపు నుంచి, రాయవరం వైపు నుంచి, కొండకర్ల ఆవ చెరువు పక్క పల్లెల నుంచి. ఎద్దుల మెడగంటల చప్పుడుకు లేచేవాళ్లం. కళాసీలు బళ్ల మీంచి బెల్లం దిమ్మలు దించుతుంటే తాటాకు చుట్టలూ, గోనెలూ, ఎద్దుల పేడా, పచ్చి బెల్లం, అన్నీ కలిసిన వాసన ఇంట్లోకి వచ్చేది. ఆ వాసన మా బట్టలకుండేది, పుస్తకాలకుండేది, మా నాన్నమ్మ పట్టుచీరకు కూడా ఉండేది. బడిలో పిల్లలు నన్ను చీమలు పట్టేస్తాయని ఏడిపించేవారు. ఇంట్లో కాఫీ బెల్లంతోనే. పంచదార మా తాతయ్య దృష్టిలో శత్రువు ఇంటి సరుకు. ఎవరైనా గొప్ప ఆఫీసర్లు వస్తే ఇవ్వడానికి ఒక చిన్న డబ్బాలో దాచి, దాని మీద పసుపు డబ్బా పెట్టేది నాన్నమ్మ, ఆయన కంటపడకుండా.

బెల్లం వేలం వేసే యార్డులో ఒక ఆచారం ఉంది. కొనేవాడు దిమ్మల వరసల మధ్య నడుస్తూ, తనకు నచ్చిన దిమ్మ అంచు విరిచి, రంగు చూసి, వేళ్ల మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకొని, నోట్లో వేసుకుంటాడు. దాన్ని మచ్చు తీయడం అంటారు. ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. సరుకు పరిచాడంటే మచ్చు తీసుకోమనే. అది కొనేవాడి హక్కు. మా తాతయ్యకు ఆ హక్కు ఉంది గాని, ముక్కు లేదు. చిన్నప్పటి నుంచీ నశ్యం పీల్చి పీల్చి ఆ ముక్కును మసి గొట్టం చేసుకున్నాడు. మడ్డి బెల్లానికీ మేలు బెల్లానికీ వాసనలో తేడా తెలిసేది కాదాయనకు. ఆ సంగతి తోటి వర్తకులకు తెలిస్తే పరువు గంగలో కలుస్తుంది. నశ్యం మానుకోవచ్చు కదా అంటే, ప్రాణం మానుకోమన్నట్టు చూసేవాడు.

ముంతాజ్ ముక్కు సంగతి ఎలా బయటపడిందంటే, ఒక రోజు మా గేటు దగ్గర ఇద్దరం ఆడుకుంటుంటే బళ్లు వచ్చాయి. ఈవిడ తలెత్తకుండానే, "ఇది ఆవ పక్కది," "ఇది తడిసినాది," "ఇందులో ఉప్పునీటి సెరుకుంది," అంటూ పోయింది. అత్తరు సీసాల మధ్య పుట్టిన పిల్ల. వాళ్ల నాన్నకు మూతలు మారిపోతే ఈమెనే పిలిచేవాడు. తాతయ్య విన్నాడు. బండివాడిని అడిగి చూశాడు. అన్నీ సరిపోయాయి. మర్నాటి నుంచీ, "ఒలే గుంటలూ, ఆటాడుకోడానికి యార్డుకొత్తారేటి?" అని ఆయనే పిలిచి మరీ వెంట తీసుకెళ్లడం మొదలుపెట్టాడు. "ఏటి మామా, ఆడగుంటల్ని ఎంటేసుకొచ్చేవు?" అని ఎవరైనా అడిగితే, "మనవరాలు బావా, సావాసగత్తె లేకండా ఉండదు, ఒగ్గదు," అని నవ్వేసేవాడు. తాను మచ్చు తీసేవాడు. రంగు చూసేవాడు, వేళ్లతో నలిపేవాడు, అందరూ చూస్తుండగా ముక్కుకు ఆనించి తల పంకించేవాడు. తర్వాత ఏమీ ఎరగనట్టు, చిన్నపిల్లకు పెట్టినట్టు, ఆ ముక్క ముంతాజ్ చేతిలో పెట్టేవాడు. ఆమె వాసన చూసేది. మేలు సరుకైతే నోట్లో వేసుకునేది. పనికిరానిదైతే నాకిచ్చేసేది. అంతే సంకేతం. తాతయ్య ఓరకంట అది చూసుకొని వేలం పాట పాడేవాడు, లేదా కండువా దులుపుకొని ముందుకెళ్లిపోయేవాడు.

అంటే అర్థమయిందా? షావుకారు ఇంటి పిల్లనైన నేను, చిన్నతనమంతా అనకాపల్లి యార్డుకొచ్చిన పనికిమాలిన బెల్లమంతా తిని పెరిగాను. పులిసింది, మాడింది, సున్నం ఎక్కువైంది, వానకు కారింది, అన్నీ నాకే. ఉమ్మేస్తే గుట్టు బయటపడుతుందని తాతయ్య కళ్లెర్ర చేసేవాడు. నవ్వు మొహం పెట్టుకొని మింగాలి. ముంతాజ్ పక్కన నిలబడి మేలిమి ముక్క బుగ్గన పెట్టుకొని చప్పరిస్తూ నన్నే చూసేది. ఇప్పటికీ నాకు బెల్లం మీద మోజు లేకపోవడానికి కారణం అదే. ఆ తొరూన్ అరుగు మీద ఈ మాటలంటుంటే ముంతాజ్ నవ్వి నవ్వి బురఖా అంచుతో కళ్లు ఒత్తుకుంది. "ఒకపాలి మేలైనదే నీకిచ్చేసేనే, గుర్తుందేటి? నీ మొకం సూడలేక. మీ తాత అది కొనకండా ఎల్పోయేడు!" అంది. ఆ రైతు ఎవరో, ఆ రోజు ఎందుకు తన సరుకు పోలేదో ఎప్పటికీ తెలియక తల గోక్కుని ఉంటాడు.

ఇంకొకటి కూడా ఉంది, అది నేను ఆ అరుగు మీద చెప్పలేదు, ఆమే అడగలేదు. యార్డు నుంచి వచ్చాక నాన్నమ్మ ఇద్దరికీ పెసరట్టు పెట్టేది. నాకు లోపల, ముంతాజ్‌కి వరండాలో, గూట్లో విడిగా పెట్టిన కంచంలో. కొట్టులో దిమ్మలెక్కి కూర్చోవచ్చు, తాతయ్య కండువాకు చేతులు తుడుచుకోవచ్చు, వంటింటి గుమ్మం మాత్రం దాటకూడదు. నాన్నమ్మ చెడ్డదేం కాదు, ముంతాజ్‌కే పెద్ద అట్టు వేసేది. మాకు అప్పుడు అది వింతగా తోచలేదు. నేను నా కంచం పట్టుకొని వరండాలోకి పోయి కూర్చునేదాన్ని, అంతవరకే తెలుసు. ఇప్పుడు తలుచుకుంటే మనసంతా చేదవుతుంది. ఆ ఇల్లు ఇప్పుడు టైల్సు గోడౌను. యార్డులో లారీలు, సెల్‌ఫోన్లు. కొనేవాళ్లలో ఎందరు ముక్కుతో కొంటున్నారో నాకు తెలియదు.

"సాల్లే, కూకున్నాం, పద," అని ముంతాజే లేపింది. బస్సువాళ్లందరూ ఒక దుకాణంలోకి దూరారు. మేమూ దూరాం. చిన్న కొట్టు, గోడలకు అచ్చుచెక్కలు, గాజు బీరువాల్లో బిస్కట్లు. గుండె ఆకారాలు, చందమామలు, దేవదూతలు. బల్ల మీద నడిమధ్యన ఒక పెద్ద గుర్రబ్బండి. మూరెడు పొడుగు. గుర్రం జూలు, బండి చక్రాలు, లోపల కూర్చున్న దొరసాని టోపీ మీద ఈకతో సహా అచ్చుపడిన బిస్కట్టు. ముదురుబెల్లం రంగులో నిగనిగలాడుతోంది. దుకాణం ఆవిడ నా వయసుదే, కళ్లద్దాలు గొలుసుకు వేలాడేసుకొని మావాళ్లకు సరుకు కడుతోంది. ముంతాజ్ ఆ గుర్రబ్బండి ముందు నిలబడింది. సరుకు పరిచి ఉంది. కొనడానికి వచ్చాం. ఆమె చెయ్యి తనంతట తానే వెళ్లి, గుర్రం తోక పట్టుకొని, టక్కున విరిచింది.

రంగు చూసింది. వేళ్ల మధ్య నలిపింది, నలగలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంది. పెట్టుకొని, ఆగింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి చూశాను. కనుబొమలు ముడిపడ్డాయి, ముక్కుపుటాలు అదిరాయి. ఆమె చెయ్యి చాపి ఆ తోక నాకిచ్చేసింది. నేనూ, ఏం చేస్తున్నానో తెలియకుండానే, తీసుకొని నోట్లో వేసుకున్నాను. ఇటుక ముక్క నయం. పళ్ల మధ్య కరకరమని, మొదట దుమ్ము, తర్వాత వార్నీషు, తర్వాత ముసలి పెట్టెలో మగ్గిన ముక్కిపోయిన పిండి. నవ్వు మొహం పెట్టుకొని మింగబోయి, అప్పుడు నాకు తెలిసింది. ముంతాజ్ వైపు చూశాను. ఆమె నా వైపే చూస్తోంది, నోరు తెరుచుకొని. "రవణా," అంది. "కంపే. కంపు కొడతందే అది!"

"కంపా? నిజంగానా?" అని నేను అరిచాను. నా నోట్లోంచి తోక కింద పడింది. "కంపే! ముక్కిపోనాది! ఓలమ్మో, ఎంత కంపో!" అని ఆమె అరిచింది. ఇద్దరం ఒకరినొకరు పట్టుకొని, ఏడుస్తున్నామో నవ్వుతున్నామో తెలియకుండా గెంతుతున్నాం, మోకాళ్ల సంగతి మరిచిపోయి. అప్పటికి దుకాణం ఆవిడ బల్ల మీద చూసింది. తోకలేని గుర్రాన్ని చూసి కెవ్వుమంది. వాళ్ల భాషలో గుక్క తిప్పుకోకుండా ఏదో అంటోంది. స్రవంతి పరిగెత్తుకొచ్చి, ఇంగ్లీషులో మాట్లాడి, పాలిపోయిన మొహంతో మా వైపు తిరిగింది. "ఆంటీ, అది అమ్మకానికి కాదట. వాళ్ల అత్తగారు చేతితో చేసినదట. ఎన్నో ఏళ్లుగా అలంకారానికి పెట్టారట. ఎందుకు విరిచారంటోంది!"

"మచ్చు సూసేనమ్మా," అంది ముంతాజ్, అంతకన్నా సహజమైన సంగతి లోకంలో లేదన్నట్టు. తర్వాత ఆ మాట చెవినపడింది కాబోలు, నా భుజం గిల్లి, "అత్తగారిదేటే? అయితే సచ్చేం!" అంది. నేను స్రవంతికి చెప్పాను, మాది బెల్లం ఊరని, అక్కడ సరుకు విరిచి చూడ్డం తప్పుకాదని, ఈవిడ ముక్కు పోయి ఎన్నాళ్లో అయిందని, ఇప్పుడే, ఈ తోకతోనే, వాసన తెలిసిందని. స్రవంతి అదంతా ఇంగ్లీషులోకి ఎలా ఎత్తిందో నాకు తెలియదు. దుకాణం ఆవిడ వింటూ వింటూ మాట ఆపింది. వంగి, కింద పడ్డ తోక తీసింది. కళ్లద్దాలు పెట్టుకొని చూసి, ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆవిడ మొహం కూడా సరిగ్గా ముంతాజ్ మొహంలాగే ముడుచుకుంది. మేం ముగ్గురం ఒకరినొకరం చూసుకున్నాం. ఆవిడ పగలబడి నవ్వింది. అత్తగారు పోయి చాలా కాలమైనా దాన్ని తీసెయ్యడానికి ధైర్యం చాల్లేదట, రోజూ దుమ్ము దులిపి దండం పెట్టినంత పని చేస్తోందట. "అత్తగార్లు ఎక్కడైనా అంతే," అని ముంతాజ్ తెలుగులోనే అంది. ఆవిడకు అర్థమైంది.

తర్వాత ఆవిడే లోపలికి తీసుకెళ్లి, డబ్బాలు ఒక్కొక్కటీ మూత తీసి ముంతాజ్ ముక్కు కింద పెట్టింది. లవంగం, లేదు. శొంఠి, లేదు. తేనె, లేదు. చివర ఒక జాడీ తెరిచింది, రొట్టెలకు పులియబెట్టిన పిండి. "పులుపు! పులిసింది!" అని ముంతాజ్ గావుకేక పెట్టింది. ఆ మధ్యాహ్నమంతా మేం చేసింది అదే. చర్చీలూ లేవు, మ్యూజియమూ లేదు. ఊరంతా కంపు వెతుక్కుంటూ తిరిగాం. ఏటి ఒడ్డున నాచు పట్టిన మెట్లు వాసన చూసింది, వచ్చింది. చేపల కొట్టు ముందు నిలబడింది, వచ్చింది. చెత్తబుట్టలోకి వంగింది, నేను బురఖా పట్టుకొని వెనక్కి లాగాను. మా బస్సు డ్రైవరు చంక పక్కగా వెళ్లొచ్చి, "భేషుగ్గా వత్తంది," అని నా చెవిలో చెప్పింది. పోలండు జనం మమ్మల్ని చూసి ఏమనుకున్నారో ఆ పరమాత్మకు తెలియాలి.

బస్సెక్కాక ముంతాజ్, దుకాణం ఆవిడ కానుకగా ఇచ్చిన తాజా బిస్కట్టు విప్పింది. ముక్కు దగ్గర పెట్టుకొని చాలాసేపు ఉంది. ఏమీ రాలేదు. మొహం వాలిపోయింది. "మంచియ్యి రాలేదే," అంది. "వత్తాయిలే. యార్డుకి ముందు బళ్లొత్తాయి, ఎనకాల కదేటి షావుకార్లొచ్చేది," అన్నాను. ఆమె ఆ బిస్కట్టు విరిచి సగం నాకిచ్చింది. మేలు సరుకు. రెండు సగాలూ నేనే తిన్నాను.

ఇంటికొచ్చాక సలీంకు ఈ కథంతా చెబితే, అమ్మకు విమానం పడలేదనుకున్నాడు. ఒక రోజు ముంతాజ్ హాల్లో కూర్చొనే, "ఫ్రిజ్జులో సేపల కూర పాడైపోనాది, తియ్యండి," అంది. కోడలు మూత తీసి చూసి, ముక్కు మూసుకొని పరిగెత్తింది. మర్నాడు సలీం వంటింట్లో తల్లికి ఒక కుర్చీ వేశాడు. కూరలు తరగొచ్చు, పప్పు ఏరొచ్చు, స్టవ్ జోలికి మాత్రం పోకూడదన్నాడు. "కంపు తెలిసినంత మాత్రాన వంట రాదమ్మీ," అన్నాడట. మాట న్యాయమే.

అందుకని నేను రోజూ పొద్దున ఆమె వచ్చే వేళకు ఒక చిన్న గిన్నెలో పాలు పెట్టి మాడబెడుతున్నాను. పైడితల్లికి పిచ్చెక్కినట్టుంది, గిన్నెలు తోమలేక నన్ను తిట్టుకుంటోంది. మొదట్లో గిన్నె నల్లబడి పొగ హాలు దాకా పోతే గాని ముంతాజ్‌కి తెలిసేది కాదు. తర్వాత తర్వాత అడుగంటుతుండగానే తెలిసేది. నేను ఊరికే మరిచిపోయినట్టు నటిస్తాను, ఆమె ఊరికే తిట్టినట్టు నటిస్తుంది.

ఈ రోజు పొద్దున కూడా పాలు పెట్టి, మాడేదాకా ఆగుదామని గట్టు పక్కన నిలబడ్డాను. హాల్లో కుర్చీ జరిగిన చప్పుడైంది. "రవణా, పాలు పొంగడానికొచ్చేయే," అంది ముంతాజ్. నేను గిన్నెలోకి చూశాను. మాడలేదు. పొంగనైనా లేదు. తెల్లగా, మీగడ మడతపడుతూ, అంచుల వెంట అప్పుడే సన్నగా బుడగలు లేస్తున్నాయి, అంతే. కమ్మటి పాల ఆవిరి తప్ప వేరే వాసనే లేదు అక్కడ. ఆమె తిన్నగా వంటింట్లోకి వచ్చింది, నా చేతిలోంచి మసిగుడ్డ లాక్కుంది.

"జరుగు. పాలు కాయడం కూడా రాదు నీకు," అంది.

జరిగాను.